నల్లగొర్రె మంద

బళ్ళారి, చిత్రదుర్గం సీమలో దక్కనీ నల్లగొర్రెకు ఏడాదికి రెండుసార్లు ఉన్ని కత్తిరిస్తాం. కత్తెర పెట్టే ముందు మందను వంకలో కడిగి ఆరనివ్వండి. పల్లేరుకాయలు చిక్కుకున్న ఉన్నిని వడకడం కష్టం. నేడు చాలాచోట్ల ఉన్ని డబ్బు కత్తిరింపు కూలికే చాలడం లేదు, కాదనలేం. అందుకే ఉన్నిలేని నెల్లూరు పొట్టేలును మందలోకి దించుతున్నారు. మాంసం ఎక్కువ వస్తుంది, సరే. కానీ ఎండిన దుబ్బులు కొరుక్కుంటూ కోసులకొద్దీ నడిచేది దక్కనీయే. రాత్రిళ్ళు మంద నిలిపినందుకు పొలం రైతు ఇచ్చే గింజలూ ఆ నడకతోనే వస్తాయి. పాత జాతి పొట్టేళ్ళను ఒకటి రెండైనా ఉంచుకోండి.

ఏ జాతైనా సరే, వానలకు ముందే చిటుకరోగం టీకా వేయించండి. తొలకరి లేతగడ్డి ఆబగా మేసిన బలమైన పిల్లలే ముందు పోతాయి; సాయంత్రం గంతులేసినది తెల్లారేసరికి కట్టెలా పడి ఉంటుంది.