దొరల ఉత్తరాలు లండనులో, తాతల పేర్లు ఊరి పుస్తకంలో

రాయవరం: ఊరి క్రైస్తవ సంఘం ఎప్పుడు ఏర్పడింది? తొలి సభ్యులెవరు? మందిరానికి చందాలు ఎవరెవరిచ్చారు? వీటికి జవాబు చెప్పేది పాత సంఘ పుస్తకమే.

బిషప్పు అజమాయిషీ లేని సంఘాలలో ఈ పుస్తకం విలువ మరీ ఎక్కువ. అక్కడ సభ్యులే కూటంలో కూర్చుని కాపరిని ఎన్నుకుంటారు, కొత్తవారిని చేర్చుకుంటారు, లెక్కలు చూసుకుంటారు. దీనినే కాంగ్రిగేషనల్ పద్ధతి అంటారు. రాయవరానికి పొరుగునున్న రామచంద్రపురం కేంద్రంగా పనిచేసిన కెనడా బాప్టిస్టు మిషను సంఘాలదీ ఇదే పద్ధతి.

తెలుగునాట కాంగ్రిగేషనల్ మిషనరీల పని మొదలైంది విశాఖపట్నంలో. లండన్ మిషనరీ సొసైటీ పంపగా జార్జి క్రాన్, అగస్టస్ డిగ్రాంజి 1805లో అక్కడికి చేరారు. తెలుగు నేర్చుకుని, బడి పెట్టి, సువార్తలను తెనిగించడానికి పూనుకున్నారు. ఆ పనిలో వారికి కుడిభుజం ఆనందరాయరు అనే బ్రాహ్మణ క్రైస్తవుడు. క్రాన్ 1809లో, డిగ్రాంజి 1810లో కన్నుమూశారు. వారి శ్రమ మాత్రం వృథా పోలేదు. మూడు సువార్తలు 1812లో బెంగాలులోని శ్రీరాంపురంలో అచ్చయ్యాయి. 1818లో మద్రాసులో తెలుగు కొత్త నిబంధన వెలువడింది. 1822లో ఆ సొసైటీ కడపలోనూ పని ప్రారంభించింది.

రెండు వందల ఏళ్లనాటి ఈ సంగతులు నేడు తెలుస్తున్నాయంటే దొరలు సొసైటీకి రాసిన ఉత్తరాలే ముఖ్య కారణం. ఆ కాగితాలు 1973 నుంచి లండను విశ్వవిద్యాలయానికి చెందిన ప్రాచ్య విద్యా కళాశాలలో భద్రంగా ఉన్నాయి. ఆనందరాయరు పేరు నిలిచిందీ వాటివల్లనే.

అయితే ఊళ్లలో చేరిన కూలీలు, రైతులు, వితంతువులు, బడిపంతుళ్లు అందరి పేర్లూ ఆ ఉత్తరాలకు ఎక్కలేదు. వారి ఊరు, ఇంటిపేరు, బాప్తిస్మం తీసుకున్న తేదీ, కూటంలో చెప్పిన మాట, ఇచ్చిన అణా చందా రాసి ఉండేది స్థానిక పుస్తకాల్లోనే. పై కార్యాలయంలో నకలు లేకపోతే, ఆ పుస్తకం పోయిననాడు వారి జాడా పోయినట్లే.

1986 గోదావరి వరదలు, 1996 నవంబరు తుపాను చూసిన ఈ ప్రాంతానికి కాగితం ఎంత త్వరగా పాడవుతుందో చెప్పనక్కరలేదు. చెమ్మ, చెదలు సరేసరి. పాత పుస్తకాలను నేలకు ఎత్తుగా, పొడి చోట ఇనుప పెట్టెలో ఉంచడం, ప్రతి పుటనూ సెల్‌ఫోనులో ఫొటో తీసి ఇద్దరు ముగ్గురి దగ్గర ఉంచడం ఖర్చులేని పనులు. చెదిరిన అక్షరాలను గుర్తుపట్టగల పెద్దలు ఉండగానే చదివించి, కొత్త పుస్తకంలో ఎత్తి రాయించడం అన్నిటికన్నా ముందు చేయవలసిన పని.