గురకకి పళ్ళ డాక్టరేం చేస్తాడు?

ఎపిసోడ్ విన్న తమ్ముళ్ళు చాలామంది అడిగిన ప్రశ్న ఇది. నిద్రలో కింది దవడ, నాలుక వెనక్కి జారి గొంతులో గాలిదారిని ఇరుకు చేస్తాయి. అదే గురక. ఊపిరి 10 సెకన్లు, ఆపైన మాటిమాటికీ ఆగుతుంటే స్లీప్ ఆప్నియా.

పళ్ళ డాక్టరు పళ్ళ అచ్చు తీసి క్లిప్పు చేస్తారు. స్లాబ్‌కి జాకీ పెట్టినట్టు, అది రాత్రంతా కింది దవడని ముందుకి పట్టి ఉంచుతుంది. పళ్ళు కదులుతుంటే మాత్రం కుదరదు.

ముందు డాక్టరు దగ్గర స్లీప్ టెస్ట్ తప్పనిసరి. గంటకి 30 సార్లు దాటి ఆగితే మొదట చూడాల్సింది సీపాప్ మెషిన్. ఇపో ప్రభుత్వాసుపత్రిలో మనకి విదేశీయుల రేటు, ముందే అడగండి.

పగలు తూగేవాణ్ణి నేను పరంజా ఎక్కనివ్వను. వాడి గురక వాడికి తెలీదు. రూమ్‌లో పక్కవాడి ఊపిరి ఆగుతుంటే నవ్వకండి, ఫోన్‌లో రికార్డు చేసి వినిపించండి.