పాత కంప్యూటరు తెర: మార్పునకు ముందు పరీక్ష

కమడోరు 64 అను గృహ కంప్యూటరు 1982వ సంవత్సరమున అమ్మకమునకు వచ్చినది. దానిని నిర్మించిన సంస్థ 1994లో దివాలా తీసినది. నాటి చిప్పులను ఆ సంస్థ నేడు తయారుచేయుట లేదు. మంచివి దొరకుట కష్టము. కావున అట్టి యంత్రమున బొమ్మ రానప్పుడు తొందరపడి చిప్పులు మార్చుట, నాడి చూడక మందిచ్చుట వంటిది. పరీక్షింపవలసిన క్రమమును ఇచ్చట తెలియజేయుచున్నాము.

మొదట, ఆరోగ్యముగా నున్న యంత్రమెట్లుండునో యెరుగవలయును. మీట వేసిన కొలది సెకండ్లలో నీలపు తెరయు, దాని చుట్టు లేతనీలపు అంచును, పైభాగమున 38911 అను సంఖ్యయు కనబడును. మనము వ్రాయు ప్రోగ్రాములకు మిగిలియున్న మెమరీ కొలతయే ఆ సంఖ్య. అది తగ్గినచో మెమరీ చిప్పులను శంకింపవచ్చును.

రెండవది విద్యుత్తు. దీనినందించు విడిపెట్టె 5 వోల్టుల డి.సి.ని, 9 వోల్టుల ఏ.సి.ని ఇచ్చును. ఎర్రదీపము వెలిగినంత మాత్రమున రెండును సరిగా నున్నవని తలంపరాదు. అది 5 వోల్టులతోనే వెలుగును. తొలి బోర్డులలో బొమ్మను కల్పించు విక్ చిప్పునకు విద్యుత్తు 9 వోల్టుల మార్గమునుండి లభించును. ఆ మార్గమునందలి చిన్న ఫ్యూజు కాలినచో దీపము వెలుగును గాని బొమ్మ రాదు. ఇట్టిచో విక్ చిప్పును మార్చినను ప్రయోజనము లేదు.

ఇంతకంటె హెచ్చు హాని మరియొకటి గలదు. పాతపెట్టెలోని రెగ్యులేటరు చెడినచో 5 వోల్టుల తీగెలో వోల్టేజి పెరిగి మెమరీ చిప్పులను కాల్చివేయును. వాని స్థానమున క్రొత్తవి పెట్టినను అదే గతి పట్టును. కావున యంత్రమునకు తగిలింపక మునుపే పెట్టెను మల్టీమీటరుతో కొలువవలయును, 5.25 వోల్టులు మించినచో దానిని వాడరాదు. నేడు సరిగా నున్న పాతపెట్టె రేపు చెడవచ్చును గనుక, క్రొత్తది సంపాదించుట మేలు.

మూడవది తెర చెప్పు సాక్ష్యము. టెలివిజనును, తీగెను వేరొక పరికరముతో సరిచూచిన పిమ్మట, సంకేతమే లేదని తేలినచో విక్ చిప్పును, దాని విద్యుత్తును, గడియారపు స్పందనలను విచారింపవలయును. కదలని నల్లతెర వచ్చినచో విక్ పనిచేయుచున్నదనియే చెప్పవచ్చును. రంగు నింపవలసిన ప్రోగ్రాము మాత్రము మొదలు కాలేదు. అప్పుడు మెమరీ, రోమ్, పి.ఎల్.ఏ., ప్రాసెసరు చిప్పులపై అనుమానము పోవలయును. డెడ్ టెస్ట్ అను కార్ట్రిడ్జి యంత్రపు మెమరీపై ఆధారపడక నడచును. తెరను మిణుకుమిణుకుమనిపించి, ఎనిమిది మెమరీ చిప్పులలో చెడినదేదో ఆ మిణుకుల లెక్కచే తెలుపును.

విద్యార్థులారా! విద్యుత్తు పెట్టెను గాని, పాత గాజుగొట్టపు టెలివిజనును గాని విప్పకుడు. తీగె ఊడదీసిన పిమ్మటను గాజుగొట్టమున ప్రమాదకరమగు విద్యుత్తు నిలిచియుండును. పెద్దల యెదుటనే కొలతలు తీయుడు. ప్రతి కొలతను పుస్తకమున వ్రాసికొని, ఒకసారి ఒక్క భాగమునే మార్చుడు. అప్పుడే బాగైనది దేనివలననో తెలియును.