ఎర్రగడ్డకు యూరియా ఒక్కటే చాలదు

కోడుమూరు వైపు ఒక చేలో గడ్డ పీకి ఆకు కోస్తున్న కూలీ ఆడవాళ్ల దగ్గర కూచున్నాను. గడ్డ మెడను వేలితో నొక్కి చూసి కొన్ని పక్కకు పడేస్తున్నారు. “ఇవి నిలవవన్నా, మెడ లావుంది. వారం తిరక్కముందే కుళ్లుతాయి” అందొక ఆమె. చేను చేసినాయన పక్కనే ఉన్నాడు. “ఆకు ఎంత ఏపుగా ఉండె! గడ్డ ఊరేటప్పుడు గూడా ఇంకో బస్తా యూరియా చల్లితి గదా” అన్నాడు. నష్టం ఎక్కడ మొదలైందో ఆ మాటలోనే ఉంది.

ఎర్రగడ్డ వేరు పైపైనే ఉంటుంది. పత్తి వేరులాగా లోతుకు పోయి వెతుక్కోలేదు, పిల్లవేర్లూ తక్కువే. దానికి కావలసింది వేరు దగ్గరే దొరకాలి. భాస్వరం మట్టిలో కదలదు. సున్నం ఎక్కువున్న నల్లరేగడిలో ఆ సున్నంతో కలిసి బిగుసుకుపోతుంది. పైరు లేచాక పైన చల్లితే వేరుకు అందేది స్వల్పం. నత్రజని అలా కాదు. నీటితో కదులుతుంది, ఎంత దొరికితే అంత మొక్క లాగేస్తుంది. గడ్డ ఊరే వేళ కూడా అది దొరుకుతుంటే మొక్క ఆకు పెంచుకుంటూనే ఉంటుంది. మెడ ఎండి మూసుకోదు. ఆ దారినే కుళ్లు లోపలికి పోతుంది.

ఇంకో సంగతి. యూరియా మట్టిలో ముందు అమ్మోనియంగా మారుతుంది. అది మితిమీరితే వేరు దగ్గర పొటాష్‌కు పోటీ వస్తుంది. పొటాష్ చాలకపోతే ఆకులో తయారైన చక్కెర గడ్డకు సరిగా చేరదు. పైన పచ్చగా ఉంటుంది, కింద గడ్డ తూగదు.

గంధకం మాట చాలామంది మరిచారు. కంట నీళ్లు తెప్పించే ఆ ఘాటు గంధకం వల్లే. తీసుకున్న నత్రజనిని మొక్క మాంసకృత్తులుగా మార్చుకోవాలన్నా గంధకం తోడుండాలి. సూపర్ ఫాస్ఫేట్ వేస్తే 16 శాతం భాస్వరంతో పాటు 11 శాతం గంధకం అడక్కుండానే వస్తుంది. డి.ఎ.పి.లో గంధకం లేదు. పైగా ఆ బస్తాలో 9 కిలోల నత్రజని ఉంది. దాన్ని లెక్కలో వేసుకునే రైతును నేను ఎక్కువగా చూడలేదు. యూరియా బస్తాలో వచ్చే 20 కిలోల పైచిలుకు దానికి అదనం. అలాగని పొటాష్ గుమ్మరించినా చిక్కే, మెగ్నీషియం అందదు.

భాస్వరం, గంధకం, పొటాష్ దుక్కిలో వేసి, యూరియాను దఫాలుగా చల్లి, నారు నాటిన 45 రోజులకల్లా ఆపాలి. ఇదేమీ పెద్ద విద్య కాదు. మరి ఎందుకు జరగదు? రైతు తెలివితక్కువవాడని సభల్లో చెప్పేవారు ధరల పట్టిక చూడాలి. 1992 ఆగస్టులో భాస్వరం, పొటాష్ ఎరువుల మీద ధరల అదుపు ఎత్తేసి యూరియా మీద మాత్రం ఉంచారు. 2010లో పోషకాల ఆధారిత సబ్సిడీ తెచ్చినప్పుడూ యూరియాను బయటే ఉంచారు. 45 కిలోల యూరియా బస్తా 266 రూపాయల 50 పైసలు. 50 కిలోల డి.ఎ.పి. 1,350 రూపాయలు. చేతిలో మూడొందలున్నవాడు ఏది కొంటాడు? యూరియా ధర పెంచమని కాదు మేమనేది, మిగతావాటిని రైతుకు అందేలా దించమని.

2025లో కర్నూలు యార్డులో ఎర్రగడ్డ ధర కూలిపోయింది. క్వింటాలుకు 1,200 ఇచ్చి కొంటామని ప్రభుత్వం ముందుకు రావలసి వచ్చింది. అటువంటప్పుడు నాలుగు రోజులు ఆగాలన్నా గడ్డ నిలవాలి గదా. మెడ పచ్చిగా ఉన్న గడ్డను అడిగినకాడికి ఇచ్చిరావలసిందే.

నేను చెప్పినాయన కౌలుదారు. భూసార పరీక్ష కార్డు ఉందా అని అడిగితే పట్టాదారు ఇంట్లో ఉందేమో అన్నాడు. ఆయన దాన్ని ఎప్పుడూ చూడలేదు. కోత కూలి బస్తా లెక్క. ఆడవాళ్లు పక్కన పడేసిన గడ్డ బస్తాలోకి పోలేదు, వాళ్ల కూలిలోకీ రాలేదు. పొద్దుగూకేసరికి ఆ కుప్ప మోకాలెత్తు ఉంది.