నిమ్మ పరిమళం నిలవదు.. అయినా మేలే!

ఇంటర్వ్యూకి సెంటు కొట్టుకెళ్లాలా? కొట్టుకోండి, కానీ ఏసీ గదిలో ఎదుటివాళ్లకు తలనొప్పి తెప్పించేది వద్దు. నిమ్మ, నారింజ వాసనల కొలోన్‌ చాలు. జర్మనీలోని కొలోన్‌ నగరంలో 18వ శతాబ్దం తొలినాళ్లలో, ఇటలీ నుంచి వచ్చిన ఫరీనా తయారుచేసిన రకమిది. అదే ఊళ్లో పుట్టిన ‘4711’కి ఆ పేరు ఓ ఇంటి నంబరు నుంచి వచ్చింది!

వాసన త్వరగా పోయిందని నకిలీ అనుకోకండి. నిమ్మజాతి నూనెలు తేలిక, ముందే ఆవిరైపోతాయి. ఖరీదైన సీసాలోనూ అంతే. పైగా కొలోన్‌లో సుగంధ తైలం పాలు తక్కువ. అందుకే వేలు పోయకుండా, చిన్న సీసా బ్యాగులో వేసుకుని బస్సు దిగాక మళ్లీ కాస్త రాసుకోండి. చెమట వాసన మాత్రం దీంతో దాగదు, స్నానం చేయాల్సిందే. ఇందులో ఎక్కువ భాగం ఆల్కహాలే కాబట్టి ఎండలో బండి డిక్కీలో వదిలేయొద్దు.