గ్లాసెడు పానమునకు వెల యెంత?

గడచిన దసరా పండుగకు మా చెల్లెలి కుమారుడు హైదరాబాదునుండి నల్లగొండకు మా యింటికి వచ్చెను. అతడచ్చట నొక కంపెనీలో ఉద్యోగము చేయుచున్నాడు. జేబులు చూడక బట్టలు నీట వేయరాదను పాఠము ప్రతి గృహిణికిని తెలిసినదే గదా! అట్లు అతని చొక్కాజేబు తడవి చూడగా నొక చీటి దొరికినది. అది బారులో నిచ్చిన బిల్లు. క్రాఫ్టు బీరు నాలుగు గ్లాసులు, గ్లాసొక్కింటికి 375 రూపాయల వంతున 1,500, ఫలహారములు 420, సేవారుసుము 192, పన్నులతో కలిపి మొత్తము 2,200 రూపాయలు దాటియుండెను.

మేమా చీటిని రెండు మారులు చదివితిమి. మొదటి మారు కోపము వచ్చినది. రెండవ మారు లెక్క జ్ఞప్తికి వచ్చినది. అతని తల్లి మహబూబునగరములో కుట్టుమిషను ముందు కూర్చుండి రవికలు కుట్టి కొడుకును చదివించినది. నేటికిని కుట్టుచునే యున్నది. రవిక యొక్కింటికి ఆమె పుచ్చుకొను కూలి 150 రూపాయలు. రెండు గంటల వినోదమునకు పదునైదు రవికల కూలి చెల్లినదన్నమాట.

రాత్రి భోజనములైన పిమ్మట మెల్లగా నడిగితిమి. “దాని వెల అంత యెందుకురా?” యనగా అతడు తలవంచుకొని, “నాకేం ఎరుక పెద్దమ్మా! అందరు ఇస్తున్నరు, నేను గూడ ఇచ్చిన” అనెను.

ఈ ప్రత్యుత్తరమే మమ్ము ఆలోచింపజేసినది. చింతపండు కిలోకు పది రూపాయలు తగ్గింపుమని అంగడివానితో అరగడియ వాదించు మనము, ఇంటి యువకుడు కారణము తెలియకయే యిచ్చివచ్చిన రెండువేలను గూర్చి విచారింపకుండుట యెట్లు? వెలను విచారించుట గృహిణి శాస్త్రము. కావున మేమా విచారణకు పూనుకొంటిమి. త్రాగువారిని దూషించుట మా యుద్దేశము కాదు. ధన మెచ్చటికి బోవుచున్నదో చూచుటయే మా పని.

ముందుగా ఆ పాన మెట్టిదో తెలిసికొందము. బీరు యవధాన్యముతో చేయబడును. యవలను నానబోసి, మొలకెత్తించి, ఎండించి, దంచి, వేడినీట నానవేసి తియ్యని రసము తీయుదురు. మనము పసిబిడ్డలకై రాగులను మొలకగట్టి పిండి చేయుటయు నిట్టిదే. ఆ రసమున హాప్సు అను తీగెపూవులను వేసి కాచి చల్లార్చుదురు. పూవులవలన చేదును సువాసనయు కలుగును. పిదప ఈస్టును కలిపి పులియబెట్టుదురు. ఇడ్లీపిండి రాత్రికి రాత్రి పొంగును. బీరునకు రెండు వారములును, కొన్ని రకములకు నంతకంటె నెక్కువయు పట్టును. పెద్ద కర్మాగారములలో గాక, బారులోనే చిన్న తొట్లు నిలిపి, కొంచెము కొంచెముగా చేసి అచ్చటనే అమ్ముదానిని క్రాఫ్టు బీరందురు. ఇట్టి చిన్న బట్టీలకు తెలంగాణ ప్రభుత్వము 2015లో నియమములు చేసినది. పిమ్మట హైదరాబాదులో నవి యనేకములు వెలసినవి.

దాని వెల హెచ్చుటకు మాకు తోచిన కారణములు నాలుగు. మొదటిది, సరకు దూరమునుండి వచ్చుట. యవలు మన ఎఱ్ఱచెలకలలో పండవు; రాజస్థానము, హర్యానా, ఉత్తరప్రదేశము మొదలగు ఉత్తరదేశములనుండి రావలెను. హాప్సు హిమాచలప్రదేశమున లాహౌలు లోయలో కొంచెము పండును గాని, ఎక్కువభాగము జర్మనీ, అమెరికా దేశములనుండియే వచ్చును. రెండవది, చిన్న తొట్టియగుట. వేయిమందికి వండిన అన్నమునకు విస్తరికి పడు ఖర్చు తక్కువ. నలుగురికి వండినచో ఎక్కువ. అదిగాక ఆ పానము వడగట్టి కాచి సీసాలకెత్తినది కానందున చాలకాలము నిలువ యుండదు. అమ్ముడుపోనిది పారబోయవలసినదే. ఆ నష్టమును గూడ త్రాగువాడే భరించును.

మూడవది ప్రభుత్వపు పన్ను. 2017లో దేశమంతటను అమలైన జి.ఎస్.టి. మద్యమునకు వర్తింపదు. మద్యముపై పన్ను రాష్ట్రముల యధికారము. అందువలన రాష్ట్రమున కొక్క వెల. సీసాబీరు సంగతియు నట్టిదే. దానిని కంపెనీలు మొదట ప్రభుత్వ సంస్థకే అమ్మవలెను. 2025 ఫిబ్రవరిలో కంపెనీల కిచ్చు మూలధరను ప్రభుత్వము 15 శాతము పెంచగా అంగడివెలలును పెరిగినవి.

నాలుగవది స్థలము. నగరమున ఖరీదైన వీథిలో అద్దె, చల్లనిగాలి యంత్రములు, రంగుదీపములు, సంగీతము, మెత్తని ఆసనములు. ఇవి యన్నియు గ్లాసులో కనబడవు. కాని గ్లాసుతోడనే వెల కట్టబడును. ఇది నేటి వింత కాదు. కౌటిల్యుని అర్థశాస్త్రమున సురాధ్యక్షుడను అధికారిని గూర్చి ఒక అధ్యాయమే కలదు. పానశాలలకు పెక్కు గదులుండవలెననియు, వేరువేరు ఆసనములు, గంధము, పూలదండలు, నీరు సిద్ధముగా నుండవలెననియు, అవి అన్ని ఋతువులయందును సుఖముగా నుండవలెననియు అతడు విధించెను. పానముపై రాజునకు రాబడి యుండవలెననుటయు నంత పాతమాటయే.

ఈ సందర్భమున మన పిల్లలకు చెప్పదగిన దొక్కటి కలదు. బిల్లులో వ్రాయు సేవారుసుము ప్రభుత్వపు పన్ను కాదు. ఇష్టమున్న నీయవచ్చును, లేకున్న మానవచ్చును. దానిని తమంతట తాము బిల్లునకు చేర్పరాదని కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2022 జూలైలో ఆదేశించినది. ఆ యాదేశమును ఢిల్లీ హైకోర్టు 2025 మార్చిలో సమర్థించినది. మా వాడు మారుమాటలేక 192 రూపాయలిచ్చి వచ్చినాడు. ఒక రవిక కూలికంటె నది యెక్కువ!

ఈ నాలుగు కారణములను వ్రాసికొని చూచుకొనగా, మన యూరి పానము మాకు స్మరణకు వచ్చినది. అప్పటికప్పుడు సిద్ధమగుట, చేతిపనితో పుట్టుట, నిలువయుండకుండుట—ఈ గుణములకే గదా పట్టణమున అంత వెల! ఇవియన్నియు నల్లగొండ, మహబూబునగరము పల్లెలలోని తాటికల్లునకును ఈతకల్లునకును తరతరములుగా కలవు. మరి దాని వెల యేమి?

మా వీథి చివర నొక గౌడ కుటుంబము కలదు. ఆ ఇంటి యిల్లాలు పండుగనాడు తాటిముంజలవలెనే స్వచ్ఛమైన మాటతీరుతో మాతో గంటసేపు ముచ్చటించినది. ఆమె భర్త తెల్లవారకముందే మోకు, ముత్తాదు, గీతకత్తి పట్టుకొని వనమునకు బోవును. ఉదయము, సాయంకాలము చెట్టెక్కి గెల కొనను పలుచగా గీచి లొట్టి కట్టవలెను. ఒక్కదినము గీయకున్న ధార ఎండును. తాటిగింజ పాతిన పిమ్మట సుమారు పదునైదేండ్లైనను గడువనిదే చెట్టు గీతకు రాదు. నిజాము ప్రభుత్వ కాలమునుండి చెట్టునకు పన్ను కట్టుచుండిరి; 2014లో తెలంగాణ రాష్ట్రమేర్పడిన పిమ్మట నా పన్ను రద్దైనది. చెట్టుమీదినుండి జారిపడి నడుములు విరిగినవారెందరో కలరు. అందువలన 2024 జూలైలో ప్రభుత్వము “కాటమయ్య రక్షణ కవచము” పేర గీతకార్మికులకు నూతన పరికరములు పంచుట ప్రారంభించినది.

“ఇంత కష్టమున్నప్పుడు మీ కల్లునకు వెల తగినంత వచ్చునా?” యని మేమడిగితిమి. ఆమె నవ్వి యిట్లనెను: “ఏడికెళ్ళి వస్తదమ్మా? చెట్టు దిగిన కల్లు జర పిరమే ఉంటది. అగ్గువకు దొరికేది అసలు చెట్టే ఎక్కలే.”

ఆ యొక్క మాటలో మా విచారణలోని సగము భాగ మిమిడియున్నది. తాటికల్లు చెట్టున పుట్టినప్పుడు తియ్యని నీరా. లొట్టిలో సున్నము పూసినచో పులియదు. లేనిచో కొన్ని గంటలలోనే పులిసి కల్లగును. మరునాటికి పులుపెక్కి త్రాగుటకు పనికిరాదు. ఈతకల్లు చలికాలమునను, తాటికల్లు ముఖ్యముగా వేసవి మాసములందును వచ్చును. అట్లుండగా కొన్ని యూళ్ళలో చెట్లు తరిగిపోయినను, పండ్రెండు మాసములును సీసాలనిండ కల్లు పారుచుండుట యెట్లు? ఆ ప్రశ్నకు ప్రత్యుత్తరము కల్తీ. నీటిలో చక్కెరయు, సాకరినును, నురుగు వచ్చు పదార్థములును కలిపి, మత్తునకై క్లోరల్ హైడ్రేటు, డయజిపాము, ఆల్ప్రజోలము అను మందులను చేర్చుచున్నారు. ఇవి వైద్యుడు తూచి యీయవలసిన మందులు. పానములో నెవడు తూచి పోయును?

కూలిపని చేసి ఒడలు నొచ్చిన స్త్రీలును ఆ అగ్గువ సీసాను ఆశ్రయించుచున్నారు. కొన్నిచోట్ల పసిబిడ్డలకు గూడ పట్టుచున్నారు. కొలదికాలములోనే శరీరము ఆ మందునకు లోబడిపోవును. 2015లో కల్తీపై అధికారులు నిర్బంధము హెచ్చించినప్పుడు మహబూబునగరము, నిజామాబాదు జిల్లాలలో పలువురు ఆ సీసా దొరకక వణకుచు, నిద్రలేక, మతిచలించి ఆసుపత్రుల పాలైరి. 2025 జూలైలో హైదరాబాదు కూకటిపల్లి ప్రాంతమున కల్తీకల్లు త్రాగి పలువురు మరణించిరి. ఇంతకన్న హెచ్చు వెల ఏ పట్టణపు బారులో నున్నది?

సోదరీమణులారా, మీ యింటనో పొరుగుననో యెవరికైన నీ యలవాటున్నచో ఒక్క సంగతి మరువకుడు. కల్తీకల్లును ఒక్కనాటితో మాన్పింప జూడరాదు. మందునకు అలవడిన దేహమునకు అది హఠాత్తుగా లోపించినచో మూర్ఛలు రావచ్చును, ప్రాణాపాయమును కలుగవచ్చును. చేతులు వణకుట, నిద్రపట్టకుండుట, లేని శబ్దములు వినబడుట మొదలగు లక్షణములు కనబడినంతనే జిల్లా ఆసుపత్రికి గొనిపోవలెను. వైద్యుని పర్యవేక్షణములో క్రమక్రమముగా మాన్పించుటయే క్షేమము. తాళము వేసి గదిలో నుంచుట, కొట్టుట, నిందించుట వలన మేలు కలుగదు.

పానపు వెలను లెక్కగట్టుట తెలుగు స్త్రీలకు క్రొత్త విద్య కాదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో స్త్రీలు అక్షరములు నేర్చుకొనుచు సారాకొట్టు వలన తమ యింట తరిగినదేమో ఆలోచించిరి. ఆ యాలోచన ఊరూర వ్యాపించి ఉద్యమమైనది. 1993 అక్టోబరు 1వ తేదీన ఆంధ్రప్రదేశమున సారా నిషేధింపబడెను; 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధము వచ్చెను; 1997లో అది సడలింపబడెను. మహాభారతమున మౌసలపర్వములోను ద్వారకయందు ఎవ్వరును మద్యము చేయరాదని చాటింపు వేయించిన కథ కలదు. చాటింపు నిలువలేదు; యాదవులు ప్రభాసతీర్థమున త్రాగి ఒకరినొకరు చంపుకొనిరి. శాసనము వచ్చును, పోవును. ఇంటిలెక్క మాత్రము మన చేతినుండి పోరాదు.

కావున మేము కనుగొన్నది యిది. పట్టణపు గ్లాసు వెల హెచ్చు. అందు పానమునకన్న ఆసనమునకును పన్నునకును పోవునదే పెక్కు. పల్లెలోని కల్తీసీసా వెల తక్కువ. అందు చెట్టును గీతకాని కష్టమును మచ్చునకైనను లేవు, ప్రాణము మాత్రము పణముగా పెట్టబడినది. వెల హెచ్చైనది మేలైనదను భ్రమయు, అగ్గువైనది మనకు కలిసివచ్చినదను భ్రమయు రెండును కూడవు. ఏ వస్తువునకైనను మూడు ప్రశ్నలు వేయుడు: ఇది దేనితో చేయబడినది? ఈ ధనము ఎవరికి చేరుచున్నది? దీనికై మన యింట దేనిని తగ్గించితిమి?

ఈ మూడు ప్రశ్నలకును మంచి ప్రత్యుత్తరమిచ్చు పానము మన చెట్టునందే యున్నది. అది నీరా. పులియనిది, మత్తులేనిది, దాని వెల గీతకుటుంబమునకు జీవనమగును. హైదరాబాదులో హుస్సేనుసాగరపు గట్టున 2023 మేలో ప్రభుత్వము నీరాకేఫు తెరచినది. అట్టివి మన నల్లగొండ, మహబూబునగరము వీథులలోను వెలసినచో మా పొరుగింటి యిల్లాలివంటివారికి మేలగును.

మా చెల్లెలి కుమారుడు తిరిగి పట్టణమునకు బోవునాడు ఆ చీటిని అతనికే యిచ్చివేసితిమి. దానివెనుక “పదునైదు రవికలు” అని మాత్రము వ్రాసితిమి, మరేమియు ననలేదు. అతడు చదివి, మడిచి జేబులో పెట్టుకొనెను. అతడిక నెన్నడును ఆ గ్లాసు ముట్టడని మేము చెప్పజాలము. కాని దీపావళికి తల్లికి ధనము పంపుచు, “ఈ నెల రాత్రిపూట మిషను తొక్కకు అమ్మా” యని వ్రాసినాడట. మా చెల్లెలు ఫోనులో చెప్పుచు సంతోషముతో ఏడ్చినది. అటుపిమ్మట వెంటనే, “వాడికేమైనా అప్పులున్నవో అడుగక్కా” అన్నది. తల్లిలెక్క యెప్పుడును అట్లే యుండును.