ట్యాబ్ వస్తోందట... ఎంతకట?

"వచ్చే నెల కొత్త ట్యాబ్ వస్తోందట. ఎనిమిది వేలేనట. పెన్ కూడా ఫ్రీ అట."

మా వాట్సాప్ గ్రూప్‌లో ఈ మెసేజ్ చూసి, కొనబోతున్నవాడిని ఆగిపోయాను. మా చెల్లి పదో తరగతి. వీడియో పాఠాలన్నీ నాన్న ఫోన్‌లోనే చూస్తుంది. నాన్నకి స్టీల్ ప్లాంట్‌లో నైట్ షిఫ్ట్ పడితే ఫోన్ కూడా డ్యూటీకి వెళ్లిపోతుంది. అందుకే ఆయన పది వేలు పక్కన పెట్టి, "నువ్వు కంప్యూటర్స్ కదరా, మంచిది చూడు" అన్నారు. నెలన్నర ఆగాం. ట్యాబ్ వచ్చింది, పన్నెండు వేలకి. పెన్ విడిగా కొనుక్కోవాలి. ఈలోగా నేను ముందు చూసిన మోడల్ మీద ఆఫర్ కూడా అయిపోయింది.

తెలుగులో పుకారుకి ఒక్క అక్షరం చాలు: 'ట'. ఈ 'ట' వెనక ఏముంటుందో చూద్దామని పాత కథలు చదివాను. మొదటిది మన రాష్ట్రంలోదే.

2009 ఫిబ్రవరిలో దేశమంతా ఒకటే మాట: ఇండియా 10 డాలర్లకే, అంటే దాదాపు 500 రూపాయలకే, ల్యాప్‌టాప్ ఇవ్వబోతోందట! ఫిబ్రవరి 3న తిరుపతిలో చూపించారు. చూస్తే అది ల్యాప్‌టాపే కాదు. స్క్రీన్ లేదు, కీబోర్డ్ లేదు. కంప్యూటర్‌కి తగిలించి పాఠాలు దాచుకునే చిన్న స్టోరేజ్ పెట్టె.

తర్వాత 2010 జులైలో అప్పటి కేంద్ర మంత్రి కపిల్ సిబల్ 35 డాలర్ల ట్యాబ్ నమూనా చూపించారు. అదే 2011 అక్టోబర్ 5న 'ఆకాశ్' పేరుతో విడుదలైంది. డేటావిండ్ కంపెనీది, బిగించింది హైదరాబాద్‌లో. కానీ ప్రభుత్వం కొన్న ధర 50 డాలర్లకి దగ్గర. మరి 35 ఎక్కడిది? అది నమూనాలో వాడిన విడిభాగాల ఖర్చు. దాని మీద బిగింపు, రవాణా, పన్ను, వారంటీ, లాభం చేరాకే ధర అవుతుంది. బియ్యం, మినప్పప్పు రేటు చూసి హోటల్లో దోసె ధర చెప్పలేం కదా!

ధర తగ్గించడానికి ఆకాశ్‌లో 366 మెగాహెర్ట్జ్ ప్రాసెసర్, 256 ఎంబీ ర్యామ్ పెట్టారు. స్క్రీన్ రెసిస్టివ్ రకం. అంటే మధ్యలో సన్నని ఖాళీ ఉన్న రెండు పొరలు. గట్టిగా నొక్కితే అవి ఒకదానికొకటి తగిలి, ఎక్కడ నొక్కామో తెలుస్తుంది. ఇప్పటి మన ఫోన్లలో ఉండేది కెపాసిటివ్ రకం. వేలు తగిలిన చోట విద్యుత్ ఆవేశంలో వచ్చే మార్పుని పసిగడుతుంది, నొక్కక్కర్లేదు. 2012 నవంబర్‌లో వచ్చిన ఆకాశ్ 2లో కెపాసిటివ్ స్క్రీనే పెట్టారు.

పుకారు ఎప్పుడూ ధర తగ్గించే చెబుతుందని కాదు. 2010 జనవరి 27న ఐప్యాడ్ వచ్చేముందు వెయ్యి డాలర్లట అన్నారు. తీరా మొదలైంది 499 దగ్గర. 2023 ఆగస్టు 3న ల్యాప్‌టాప్, ట్యాబ్‌ల దిగుమతికి లైసెన్స్ కావాలని కేంద్రం ప్రకటించగానే "రేట్లు పెరుగుతాయి, ఇప్పుడే కొనండి" అని మొదలెట్టారు. మర్నాడే ఆ నిబంధనని అక్టోబర్ చివరిదాకా వాయిదా వేశారు. ఒక పుకారు ఆగమంటుంది, ఇంకొకటి పరిగెత్తమంటుంది. రెండూ మన జేబు మీదే.

అందుకే ఇప్పుడు నేను మూడు విషయాలు చూస్తున్నాను.

ఒకటి, మోడల్ నంబర్ ఉందా? ఇండియాలో ట్యాబ్ అమ్మాలంటే బీఐఎస్ రిజిస్ట్రేషన్ ఉండాలి. అక్కడ నంబర్ కనిపిస్తే వస్తువు ఉందని నమ్మొచ్చు. ధర, తేదీ మాత్రం అందులో ఉండవు.

రెండు, చెప్పిన ధరలో ఏమేం కలిశాయి? 18 శాతం జీఎస్టీ, ఛార్జర్, పెన్, కవర్ అన్నీ లెక్క వేయాలి. బ్యాంక్ కార్డ్ ఆఫర్ కలిపి చెప్పిన ధర, ఆ కార్డ్ లేనివాళ్లకి ధర కాదు.

మూడు, "8 జీబీ ర్యామ్" అంటే నిజంగా ఎనిమిదేనా? చాలాసార్లు అది 4 ప్లస్ 4. రెండో నాలుగు వర్చువల్ ర్యామ్, అంటే స్టోరేజ్‌లో అరువు తెచ్చుకున్న చోటు. స్టోరేజ్ ర్యామ్ అంత వేగంగా పనిచేయదు. యాప్‌లు ఎక్కువైతే ఆ తేడా తెలిసిపోతుంది.

చివరికి ఆఫర్ లేకుండానే, పుకారు లేని ఒక పాత మోడల్ కొన్నాం. నెలన్నర పాఠాలు మాత్రం తిరిగి రాలేదు. చెల్లి ఆదివారాలు కూర్చుని అవి పూర్తి చేస్తోంది. ఇప్పుడు గ్రూప్‌లో ఎవరైనా "వస్తోందట" అంటే నేను అడిగేది ఒక్కటే:

"మోడల్ నంబర్ ఎంత?"